కుర్చీలు తిప్పిన రోజు

సైకిల్ షాపు మీది గదిలో సాయంత్రాలు నడిచే ఇంగ్లీషు క్లాసులో అందరూ అబద్ధాలకోరులే. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, తప్పంతా మాస్టారిది. ఆయన బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన నోరు తెరిస్తే కింద సైకిళ్ళ గంటలు వాటంతటవే మోగుతాయని షాపువాడు అందరికీ చెప్పుకుంటాడు. మొదటి రోజే మాస్టారు విషయం తేల్చేశాడు.

"నిజం నాకక్కర్లేదు. నాకు పూర్తి వాక్యం కావాలి. మీ ఇంట్లో చీమ కూడా లేకపోయినా ఏనుగుందని చెప్పండి, కాదనను. సగం వాక్యం చెప్పారో, ఊరుకోను!"

ఇంకేం, జనం రెచ్చిపోయారు. పెంపుడు జంతువుల పాఠం వచ్చేసరికి టాక్సీ ఆయన నిజంగానే ఏనుగును తెచ్చాడు. అది రోజూ తన టాక్సీ వెనక సీట్లో కూర్చుని షికారుకు వెళుతుందట. కుక్కను చూస్తే ఆమడ దూరం పరిగెత్తే బేకరీ ఆయన గుర్రాల మందనే పెంచేశాడు. గదంతా నవ్వులే నవ్వులు. ఆ రోజు నిజం చెప్పింది, కోడలితో కలిసి క్లాసుకొచ్చే అత్తగారొక్కతే.

"ఐ హావ్ ఎ క్యాట్. హీ ఈజ్ ఓల్డ్. హీ ఈజ్ మై ఫ్రెండ్," అంది ఆవిడ.

ఏనుగుల్నీ గుర్రాల్నీ చూసొచ్చిన వాళ్ళకి ముసలి పిల్లి ఏం ఆనుతుంది? ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనే కూర్చున్న కోడలు మాత్రం తల దించుకుంది. ఆ పిల్లిని ఇంట్లోంచి పంపించెయ్యాలన్న మాట అప్పటికే మొగుడూ పెళ్ళాల మధ్య గుసగుసగా నడుస్తోంది. ఆ సంగతి అత్తగారి చెవిన వేసే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఎవరికీ లేదు.

కోడలు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. తడి దుప్పట్లు మనిషంత బరువుంటాయి. వాటిని యంత్రంలోంచి లాగి, వేడి రోలర్ కిందకి ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పంపాలి. అవతలి వైపు మళ్ళీ ఇద్దరు పట్టుకుని మడతపెట్టాలి. పొద్దస్తమానం నిలబడే ఉండాలి. అక్కడ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అవుతోంది. అది దక్కితే నిలబడే పని తగ్గుతుంది, కానీ చొక్కా మీద మరక పోలేదని గదుల్లోంచి ఫోన్ చేసే అతిథులతో ఇంగ్లీషులో మాట్లాడాలి. అందుకే ఈ క్లాసు.

అత్తగారు మొదట తోడుకని వచ్చింది. ఓ మూల కూర్చుంటానంది. మాస్టారి క్లాసులో మూలలు లేవు. రెండో రోజే ఆయన ఆవిడని లేపి పేరేంటి, పనేంటి అని అడిగేశాడు. ఎన్నో ఏళ్ళు స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి, కళ్ళు మసకేసి మిషను పక్కన పెట్టిన మనిషి ఆవిడ. "ఐ స్టిచ్. నౌ, ఐ సిట్," అంది. అంత చక్కగా చెప్పినవాళ్ళు ఆ గదిలో లేరని మాస్టారు మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో ఆవిడ నెల తిరక్కుండానే కోడల్ని దాటేసింది. ఈ సంగతి కోడలికి కొంచెం గుచ్చుకుంది కూడా.

ఆ క్లాసుకి ఇంకో రెండు పద్ధతులున్నాయి. క్లాసులో మాస్టారు తప్ప ఎవరైనా నోరు జారి తెలుగు మాట్లాడితే, అందరూ వెళ్ళాక మడత కుర్చీలన్నీ మూసి గోడకి చేర్చి పోవాలి. రెండోది, ఉల్టా రోజు. ఆ రోజు కుర్చీలన్నీ బోర్డుకి వీపు తిప్పి వెనక గోడవైపు వేసుంటాయి. మాస్టారు కూడా వెనక గోడ దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఎవరేం నమ్ముతారో దానికి సరిగ్గా ఎదురు వాదించాలి. "మీ అభిప్రాయం మీకెలాగూ వచ్చు. ఎదుటివాడి అభిప్రాయం ఒకసారి నోట్లో వేసుకుని చూడండి, రుచి తెలుస్తుంది," అంటాడు. మొదటి ఉల్టా రోజున టాక్సీ ఆయన టాక్సీలు దండగ, నడకే మేలన్నాడు. అత్తగారు లేచి, "ఇన్ మై ఒపీనియన్, డాటర్ ఇన్ లా ఈజ్ ఆల్వేస్ రైట్," అంది. గది పగిలిపోయేలా నవ్వారు. కోడలూ నవ్వింది. నవ్వక చస్తుందా!

అసలు కథ అలసట పాఠంతో మొదలైంది.

మాస్టారు బోర్డు మీద మెట్లు గీశాడు. పై మెట్టు మీద టైర్డ్. దాని కింద వెరీ టైర్డ్. ఇంకా కింద ఎగ్జాస్టెడ్, ఆ కింద వోర్న్ అవుట్. "ఇదీ, మనిషి దిగిపోయే దారి," అన్నాడు. జంటలుగా విడిపోయి ఒకరినొకరు అడగమన్నాడు. అత్తగారికి జంట కోడలే. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, బస్సు టిక్కెట్టు అడుగుతున్నంత మామూలుగా అడిగింది.

"ఆర్ యూ టైర్డ్?"

తెలుగులో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. కోడలు ఎవరితోనూ అనలేదు. ఇంట్లో "అలసిపోయాను" అంటే అది ఒంటి సంగతి కాదు, ఫిర్యాదు. అత్తగారి ముందు అంటే, మీరు ఇంట్లో ఊరికే కూర్చుంటున్నారు అన్నట్టు. మొగుడి ముందు అంటే, నీ సంపాదన చాలడం లేదన్నట్టు. అందుకని ఎవరైనా ఏమైందని అడిగినా ఆమె తలనొప్పి అనో, బస్సులో రద్దీ అనో చెప్పి ఊరుకునేది. ఇంగ్లీషు మాట అలా కాదు. ఇంకా కాయితం విప్పని కొత్త సామానులా ఉంది. దానిమీద ఎవరి వేలిముద్రలూ లేవు.

"యెస్," అంది కోడలు. "ఐ యామ్ ఎగ్జాస్టెడ్. ఎవ్రీ డే, టూ బస్సెస్. ఐ స్టాండ్ ఇన్ ది బస్. ఐ స్టాండ్ ఇన్ ది లాండ్రీ. ఐ కమ్ హోమ్, ఐ స్టాండ్ ఇన్ ది కిచెన్. ఐ యామ్ వోర్న్ అవుట్."

చెప్పాక తన గొంతు తనకే వింతగా వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాఠంలో ఏడిస్తే బావుండదని పెన్ను కింద పడేసుకుని, దాన్ని తీసుకునే నెపంతో వంగింది. ఆమె తల ఎత్తేదాకా ఆగింది అత్తగారు.

"సిన్స్ వెన్?" అని అడిగింది.

"సిన్స్ లాంగ్," అంది కోడలు.

"వెరీ గుడ్!" అని అరిచాడు మాస్టారు వాళ్ళ వెనక నిలబడి. "అన్నీ పూర్తి వాక్యాలే! ఇలా ఉండాలి అబద్ధమంటే!"

ఆ రోజు ఇంటికి నడుస్తున్నప్పుడు ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. క్లాసులో మాట క్లాసులోనే వదిలి రావడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఇంటి సంగతి ఇదీ. కోడలి మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి మంచివాడు, కానీ మాట పెగలదు. ఎంత చెడిపోయిన లిఫ్టునైనా కదిలిస్తాడు గానీ తల్లి ముందు తన నాలుక కదలదు. హోటల్ వెనక వీధిలో ఒక అపార్టుమెంటులో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి, అక్కడ మూడో అంతస్తులో ఫ్లాటు ఖాళీ అవుతోందని విని వచ్చాడు. అక్కడికి మారితే కోడలు లాండ్రీకి నడిచి వెళ్ళొచ్చు. రెండు బస్సులూ ఉండవు. పొద్దున్న ఇంకాస్త పడుకోవచ్చు. ఒక్కటే చిక్కు. ఆ ఇంటి ఓనరు జంతువుల్ని ససేమిరా రానివ్వడు.

జంతువు అని వాళ్ళు గుసగుసలాడుకునేది పెద్దాయన గురించి. పిల్లికి ఆ పేరు పెట్టింది అత్తగారే. నడకలో తొందర ఉండదు, ఎవర్నీ లెక్కచేయడు, పిలిస్తే రాడు. "పెద్దాయన భోంచేశారా?" అని మన్నించి మరీ అడుగుతుంది ఆవిడ. తన అభిప్రాయాలన్నీ ఆ పిల్లితోనే చెప్పుకుంటుంది. "చూశారా పెద్దాయనా, కొత్త కర్టెన్లు! ఇల్లా, ఆస్పత్రా ఇది?" అంటుంది. "ఈ రోజు టీలో చక్కెర పడిందంటారా, లేక డబ్బా చూపించి తీసేశారంటారా?" అంటుంది. అవన్నీ వంటగదిలో ఉన్న కోడలికి వినపడుతూనే ఉంటాయి. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. తనతో చెప్పొచ్చుగా, మధ్యలో ఆ పిల్లెందుకు అనుకుంటుంది.

"అమ్మనడుగు," అంటాడు మొగుడు.

"మీ అమ్మగారిని మీరడగాలి గానీ నేనడిగితే ఏం బావుంటుంది?" అంటుంది కోడలు.

"నేనడిగితే సరేనంటుంది. ఇష్టమయ్యో, నా మొహం చూసో తెలీదు. ఆవిడంతట ఆవిడ ఒప్పుకుంటే రేపే తాళాలు తెచ్చేస్తా."

ఇలా ఆ మాట మొగుడి దగ్గర్నుంచి పెళ్ళానికీ, పెళ్ళాం దగ్గర్నుంచి మొగుడికీ తిరుగుతూనే ఉంది. అత్తగారి గడప మాత్రం తొక్కలేదు.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం లాండ్రీలో రోలర్ యంత్రం మొరాయించింది. కోడలు బయటపడేసరికి ఆలస్యమైపోయింది. బస్సులో నిలబడే కునికిపాట్లు పడి, దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి, సైకిల్ షాపు మెట్లు ఎక్కేసరికి ఒళ్ళు హూనమైపోయింది. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది.

అందరి మొహాలూ వెనక గోడవైపు ఉన్నాయి. బోర్డు ఎవరికీ పట్టనట్టు ఖాళీగా ఉంది. మాస్టారు వెనక గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. అత్తగారు లేచి నిలబడి మాట్లాడుతోంది.

"ఎ క్యాట్ ఈజ్ ఓన్లీ ఎ క్యాట్," అంటోంది ఆవిడ. "ఓల్డ్ లేడీ కెన్ లివ్ వితౌట్ ఎ క్యాట్. న్యూ హౌస్ ఈజ్ గుడ్. ఇన్ మై ఒపీనియన్, ది క్యాట్ మస్ట్ గో."

అందరూ చప్పట్లు కొట్టారు. బేకరీ ఆయన ఈల వేశాడు. ఆవిడ తల తిప్పి తలుపు దగ్గరున్న కోడల్ని చూసింది. వాళ్ళిద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. కొత్త ఇంటి సంగతి ఆవిడకెలా తెలిసిందని కోడలు అప్పుడు ఆలోచించలేదు. చిన్న ఇల్లు, పలచని గోడలు. గుసగుసలు వినపడక ఎక్కడికి పోతాయి?

కోడలు వచ్చి కుర్చీలో కూలబడింది. ఆ కుర్చీ కూడా వెనక గోడవైపే తిరిగి ఉంది. కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో ఆమె చూసింది. చూడలేదని తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, చూసింది. కానీ ఆవిడ నోటి నుంచి వచ్చిన మాట, తను ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట. దాహంతో ఉన్నవాడు గ్లాసు ఎవరిదని అడగడు. ఆమె కూడా అడగలేదు.

ఆ రాత్రి మొగుడు గ్రీజు చేతులు సబ్బుతో రుద్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అత్తయ్య ఒప్పుకున్నారు."

"అమ్మా? నువ్వడిగావా?"

"అడగనక్కర్లేకుండానే అన్నారు. పిల్లి పిల్లే కదా, కొత్త ఇల్లు బావుంటుంది, పిల్లిని పంపించాల్సిందే అన్నారు. అందరి ముందూ చెప్పారు. నా చెవులారా విన్నాను."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. కుర్చీలు ఎటువైపు తిరిగి ఉన్నాయో ఒక్కటే చెప్పలేదు.

మొగుడి మొహం విప్పారింది. సబ్బు నురగ కారుతున్న చేతులతోనే తల్లి గదిలోకి పరిగెత్తాడు. "అమ్మా, ఒప్పుకున్నావటగా! నా నెత్తి మీంచి కొండ దించావు," అన్నాడు. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పెద్దాయన. ఆవిడ కొడుకు భుజం మీంచి, గుమ్మంలో నిలబడిన కోడలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఇప్పుడనేస్తుంది, ఉల్టా రోజురా అబ్బాయ్ అనేస్తుంది అనుకుంది కోడలు. అనాలని కూడా సగం కోరుకుంది.

"ఊఁ. అన్నాను," అంది అత్తగారు.

బేకరీ ఆయన పెద్దాయన్ని తీసుకెళ్ళడానికి సంతోషంగా ఒప్పుకున్నాడు. పిండి బస్తాల గదిలో ఎలుకలు ఎక్కువయ్యాయట. రొట్టెల బుట్టలో పాత టవల్ పరిచి, పిల్లిని అందులో కూర్చోబెట్టి, అత్తగారే స్వయంగా అప్పగించింది. ఏడవలేదు. మిషను అమ్మేవాళ్ళు దాన్ని ఎలా వాడాలో చెప్పినట్టు చెప్పింది.

"పాలు వేడిగా పోస్తే ముట్టుకోడు. నిద్రపోతుంటే లేపకు, పగబడతాడు. పళ్ళెం పెట్టి వెళ్ళిపోతే తినడు. పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలి."

"ఏం మాట్లాడమంటారమ్మా?" అన్నాడు బేకరీ ఆయన బుర్ర గోక్కుంటూ.

"ఏదైనా. నీకేం అనిపిస్తే అది. ఎదురు చెప్పడు."

ఆ మర్నాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అత్తగారు అలగలేదు. మొహం గంటు పెట్టుకోలేదు. పైగా కోడలు పని నుంచి రాగానే మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చేది. కూరగాయలు ముందే తరిగి ఉంచేది. ఇలాంటివి ఇంతకు ముందు లేవు. కానీ నోట్లోంచి ఒక్క వ్యాఖ్యానం రాదు. కర్టెన్ల మీద లేదు, టీ మీద లేదు.

"టీలో చక్కెర సరిపోయిందా అత్తయ్యా?" అని అడిగేది కోడలు.

"నీ ఇష్టం."

"కిటికీ తెరవనా?"

"నీ ఇష్టం."

"కొత్త ఇంట్లో మీ మంచం వెలుతురొచ్చే గదిలో వేద్దామా?"

"మీ ఇష్టం అమ్మాయ్."

ఎంత మెత్తగా అన్నా ఆ మాట కోడలి మొహం మీద తలుపు మూసినట్టే ఉండేది. ఒక ఆదివారం ఇద్దరూ ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నారు. ఆ పనిలో వాళ్ళకి మాటలక్కర్లేదు. ఒకరు కొస అందిస్తే ఇంకొకరు అందుకుంటారు, దగ్గరికి నడుస్తారు, చేతులు తాకుతాయి, వెనక్కి వెళతారు. చేతులకు ఇంత బాగా తెలిసిన మనిషి దగ్గర నోటికెందుకు ఇంత దూరం అనుకుంది కోడలు. ఇంట్లో ఆవిడ మనసు తనకి తెలిసే దారి ఆ పిల్లి ఒక్కటేనని, దాన్ని తనే మూసేసిందని, అప్పుడు అర్థమైంది. దుప్పటి మడతల మీద ఒక తెల్లటి పిల్లి వెంట్రుక కనిపించింది. అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో తీసి, పారెయ్యకుండా గుప్పిట్లో పెట్టుకుంది. కోడలికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ క్లాసు. ఆ తర్వాతి పొద్దున్నే మొగుడు వెళ్ళి తాళాలు తీసుకోవాలి. కుర్చీలన్నీ ఆ రోజు బోర్డువైపే తిరిగి ఉన్నాయి. మాస్టారు వస్తూనే అత్తగారిని లేపాడు. ఉల్టా రోజున ఆవిడ పిల్లికి వ్యతిరేకంగా ఎంత గట్టిగా వాదించిందంటే, తనే కాసేపు నమ్మేశానని, ఇవాళ తిన్నగా తన సొంత అభిప్రాయం చెప్పమని ఇంగ్లీషులో అడిగాడు.

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"ఐ హావ్ నో పెట్," అంది. "ఐ హావ్ నో ఒపీనియన్."

అని కూర్చుంది. పూర్తి వాక్యాలే. అయినా మాస్టారు చప్పట్లు కొట్టలేదు. బేకరీ ఆయన నేల చూపులు చూశాడు. ఇంకో నిమిషం ఆగితే ఇక ఎప్పటికీ అడగలేననిపించింది కోడలికి. లేచి నిలబడింది. ఇంగ్లీషులో ఎలా అడగాలో ఆమెకి తెలుసు. కానీ ఇంగ్లీషులో అడిగితే అది పాఠమైపోతుంది.

"అత్తయ్యా," అంది తెలుగులో. "ఆ ఇంటికి రావడం మీకిష్టమేనా?"

మాస్టారు అలవాటు చొప్పున "నో తెలుగు!" అని గర్జించబోయి, ఆమె మొహం చూసి సగంలో ఆగిపోయాడు.

"కుర్చీలన్నీ నేనే సర్దుతాను మాస్టారూ," అంది కోడలు, ఆయన వైపు తిరక్కుండానే. "అత్తయ్యా, మీకిష్టమేనా?"

గదిలో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అత్తగారు ఇటూ అటూ చూసింది. ఇంతమందిలో, ఇన్నేళ్ళలో, మీకిష్టమేనా అని ఆవిడని ఎవరైనా అడిగి ఉంటారా? కొడుకు ప్రేమగలవాడే, కోడలు చెడ్డది కాదు, పోయిన భర్త మంచి మనిషే. అయినా ఎవరూ అడగలేదు.

"లేదు," అంది అత్తగారు.

పూర్తి వాక్యం కాదు, సగం కూడా కాదు. ఒక్క మాట, అదీ తెలుగులో. మాస్టారు ఊరుకున్నాడు.

క్లాసయ్యాక అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. కోడలు కుర్చీలు మూయడం మొదలుపెట్టింది. నేనూ తెలుగు మాట్లాడానుగా అంటూ అత్తగారు కూడా వచ్చింది. ఇద్దరూ చెరో పక్కనుంచి మూస్తూ గోడకి చేరుస్తున్నారు.

"ఆ రోజు కుర్చీలు వెనక్కి తిరిగి ఉండటం నేను చూశాను అత్తయ్యా," అంది కోడలు. "తెలిసే ఆయనతో అలా చెప్పాను."

"నువ్వు చూడటం నేనూ చూశాను," అంది అత్తగారు.

కోడలి చేతిలో కుర్చీ అలాగే ఆగిపోయింది. "మరి ఆయన అడిగినప్పుడు కాదని ఎందుకనలేదు?"

"ఎలా అంటాను? అంతకు ముందు వారం వోర్న్ అవుట్ అన్నావు. అది ఉల్టా రోజు కాదుగా." అత్తగారు కుర్చీ మీద చెయ్యి ఆన్చి నిలబడింది. "నాకు కోపం వచ్చిందమ్మాయ్. నీ మీదే వచ్చింది. కానీ అంతకన్నా ముందు బాధేసింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే గిన్నెలో వండుకుంటున్నాం. ఒళ్ళు ఇంత అలిసిపోతోందని నాతో చెప్పడానికి నువ్వు ఇంగ్లీషు నేర్చుకోవాల్సొచ్చిందా? నాతో చెబితే కొరుకుతానా?"

"కొంచెం," అంది కోడలు.

అత్తగారు ఆమె వంక కళ్ళురిమి చూసింది. ఆపైన ఫక్కున నవ్వింది. కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే ఫోన్ తీసి మొగుడికి చేసింది.

"రేపు తాళాలు తీసుకోకండి. అత్తయ్యకి ఇష్టం లేదు."

"మొన్న ఒప్పుకుందన్నావుగా!" అవతల మొగుడి గొంతు పక్కనున్న అత్తగారికి కూడా వినపడింది.

"మొన్న నేను అడగలేదండీ. ఇవాళ అడిగాను."

కోడలు ఫోన్ పెట్టేసింది. చివరి కుర్చీ మూసేసింది అత్తగారు.

"మరి నీ రెండు బస్సులూ?"

"ఉంటాయి," అంది కోడలు. ఆ మాట అనడం తేలిగ్గా లేదు. పొద్దున్నే మళ్ళీ రెండు బస్సులు, మళ్ళీ నిలబడటం.

"ఉంటాయని ఊరుకుంటావా? ఆ హోటల్ చుట్టుపక్కల పిల్లిని రానిచ్చే ఇల్లు ఒక్కటీ లేకుండా పోయిందా? నువ్వు దుప్పట్లు చూసుకో, ఇళ్ళు నేను చూస్తా. ఓనర్లతో తెలుగులో మాట్లాడతా, వినకపోతే ఇంగ్లీషులో మాట్లాడతా. దొరికేదాకా పొద్దుటి వంట నాది. నువ్వు ఇంకాస్సేపు పడుకో. వద్దనకు, అడగట్లేదు, చెబుతున్నా."

ఇద్దరూ అట్నుంచటే బేకరీకి వెళ్ళేసరికి పెద్దాయన పిండి బస్తా మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. పిండి పడి ఇంకాస్త తెల్లబడ్డాడు. బేకరీ ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని రొట్టెల రేట్ల గురించి ఇంగ్లీషులో తన అభిప్రాయం చెబుతున్నాడు. వీళ్ళను చూడగానే బుట్ట వెతకడానికి లేచాడు. పెద్దాయన మాత్రం అత్తగారిని ఒకసారి చూసి మొహం తిప్పేసుకున్నాడు. పగబట్టాడు మరి. ఆవిడ పిల్లి చంకల్లో చేతులు పెట్టి ఎత్తి, పిండి దులిపి, కోడలి చేతుల్లో పెట్టింది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక కోడలు ఆ పిల్లిని ఎత్తుకోవడం అదే మొదటిసారి. వెచ్చగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

"చూశారా పెద్దాయనా," అంటూ అత్తగారు పిల్లి వైపు వంగి మొదలుపెట్టింది. "ఈ పిల్ల మొహం ఎంత వాడిపోయి..."

అక్కడే ఆగిపోయింది. తల ఎత్తి కోడలి వైపు తిరిగింది.

"అలసిపోయావా అమ్మాయ్?"

"అలసిపోయాను అత్తయ్యా," అంది కోడలు.

అత్తగారు కోడలి భుజానికున్న సంచీ తీసి తన భుజానికి తగిలించుకుంది. ముగ్గురూ ఇంటి వైపు నడిచారు.